మెదడు గడ్డ తీశాక జ్ఞాపకం, కోపం, మందకొడితనం: తిరుపతి, చిత్తూరు వాళ్ళం ఎక్కడ చూపించుకోవాలి?

మా అన్నది చిత్తూరు పక్కన మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో లెక్కల పని. సీజన్లో తోతాపురి కాయల ట్రాక్టర్లు గేటు బయట బారులు తీరి ఉంటే, చెవికి ఫోను ఆనించుకుని, తూకం చీట్లు రాసుకుంటూ, ఎదురుగా నిలబడిన రైతుకి బాకీ ఎంతో నోటి లెక్కతో చెప్పేవాడు. మెదడులో ఎడమవైపు ముందు భాగంలో గడ్డ ఉందని తేలింది. ఆపరేషన్ అయింది, రేడియేషన్ అయింది (మా వైపు కరెంటు పెట్టించడం అంటారు). తర్వాత తీసిన స్కాన్ చూసి డాక్టరు బాగుందన్నారు. మూడో నెలలో వదిన నాకు ఫోన్ చేసింది.

"స్కాన్ బాగుందంటారమ్మా, మనిషే బాగలేడు. బిల్లు చేతికిస్తే గంటసేపు దాన్నే చూస్తా కూర్చుంటాడు. నిన్న పిల్లోడు టీవీ సౌండు పెంచినాడని గిన్నె విసిరేసినాడు."

గడ్డకి ఏ డాక్టరు దగ్గరికి వెళ్ళాలో మనకి ఎవరో ఒకరు చెప్తారు. గడ్డ వల్లో, ఆపరేషన్ వల్లో, రేడియేషన్ వల్లో మనిషి ఆలోచనలో, తీరులో వచ్చిన మార్పుకి ఎవరి దగ్గరికి వెళ్ళాలో చెప్పేవాళ్ళు తక్కువ. ఆ పని చేసేవాళ్ళు న్యూరోసైకాలజీలో (మెదడుకీ, మనిషి ఆలోచనకీ, తీరుకీ ఉన్న సంబంధం చూసే శాస్త్రం) శిక్షణ ఉన్న క్లినికల్ సైకాలజిస్టులు. మాకది తెలిసేసరికి ఏడు నెలలు పట్టింది. తిరుపతిలో చూపించాలా, రాయవేలూరు (వెల్లూరు) వెళ్ళాలా, బెంగుళూరా, చెన్నైయా అని ఇంట్లో రోజుకొకరు ఒకటి చెప్పారు. అప్పుడు తెలుసుకున్నవన్నీ ఇక్కడ రాస్తున్నాను.

ఊరు ఎంచుకునే ముందు మందుల చీటీ చూడండి

మేము చేసిన మొదటి తప్పు ఇదే. అన్న కోపం గురించి సైకాలజిస్టు కోసం వెతుకుతూ తిరిగాం, చేతిలో ఉన్న చీటీ చూసుకోలేదు. ఫిట్స్ రాకుండా ఇచ్చే లెవెటిరాసెటమ్ మాత్ర కొంతమందిలో చిరాకు, కోపం, దిగులు తెస్తుంది. వాపు తగ్గడానికి ఇచ్చే డెక్సామెథసోన్ నిద్ర పోగొడుతుంది, కొందరిని అతి హుషారుగా, కొందరిని నీరసంగా చేస్తుంది. అన్నకి న్యూరాలజిస్టు ఫిట్స్ మాత్ర మార్చాక కొన్ని వారాల్లో కోపం సగానికి సగం తగ్గింది. సైకాలజిస్టుని అప్పటికింకా కలవనే లేదు.

అలాగని మాత్ర మీ అంతట మీరు ఆపేయకండి. ఫిట్స్ మాత్ర ఉన్నట్టుండి ఆపితే ప్రాణం మీదికి వస్తుంది. "ఈ మాత్ర మొదలుపెట్టినప్పటి నుంచి కోపం వస్తోంది, మార్చే వీలుందా?" అని డాక్టర్నే అడగండి. థైరాయిడ్, రక్తంలో సోడియం, నిద్ర, బయటికి కనపడని చిన్న చిన్న ఫిట్స్ కూడా మతిమరుపు తెస్తాయి, వాటి గురించీ అడగండి. మార్పు నెమ్మదిగా కాకుండా రెండు మూడు రోజుల్లో వచ్చి, తలనొప్పి, వాంతులు, చెయ్యో కాలో పట్టు తప్పడం, మత్తుగా పడుకోవడం ఉంటే మాత్రం సైకాలజిస్టు మాట పక్కన పెట్టి అదే రోజు ఎమర్జెన్సీకి వెళ్ళాలి.

రేడియేషన్ గురించి కూడా ఒక సంగతి తెలిసుండాలి. అది జరుగుతున్నప్పుడు, అయ్యాక కొన్ని వారాల నుంచి కొన్ని నెలల దాకా వచ్చే నిద్రమత్తు, అలసట చాలామందిలో తగ్గిపోతాయి. ఆరు నెలలు దాటాక, ఒక్కోసారి ఏళ్ళ తర్వాత మొదలయ్యే మందగింపు వేరు. డాక్టరు "కొంచెం ఆగి చూద్దాం" అంటే అది ఈ రెండింటిలో ఏదో అడగండి. మొదటిదైతే ఆగవచ్చు.

దేన్ని బట్టి ఎంచుకోవాలి

అన్నిటికంటే ముందు, మీకు కావలసింది ఏమిటో తేల్చుకోండి. ఈ వైద్యంలో మూడు వేర్వేరు పనులున్నాయి. ఒకటి కొలత: జ్ఞాపకం, శ్రద్ధ, మాట, వేగం, ఒక పని నుంచి ఇంకో పనికి మారగలగడం, ఇవన్నీ విడివిడిగా పరీక్షించి రిపోర్టు ఇవ్వడం. రెండు సాధన: తగ్గినదాన్ని కొంత పెంచడం, పెరగనిదానికి అడ్డదారి నేర్పడం. మూడు మనసు, ఇల్లు: దిగులు, భయం, కోపం, వాటి మధ్య నలిగిపోయే భార్య, పిల్లలు. ఒకే చోట మూడూ దొరకవచ్చు, దొరకకపోవచ్చు. పెద్ద పేరున్న ఆసుపత్రి అని వెళ్ళి, మూడోది కావలసినవాళ్ళు మొదటిది చేయించుకుని వచ్చేస్తుంటారు.

రెండోది భాష. నాకైతే అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే అనిపిస్తుంది. ఒక చోట, పేరు అనవసరం, అన్నకి పది నిమిషాల పరీక్ష సగం ఇంగ్లీషులో పెట్టారు. 30కి 27 వచ్చింది, నార్మల్ అన్నారు. దాని పేరు మోకా. 26, అంతకంటే ఎక్కువ వస్తే మామూలే అని లెక్క, పన్నెండేళ్ళు, అంతకంటే తక్కువ చదివినవాళ్ళకి ఒక మార్కు కలుపుతారు. అల్జీమర్స్ లాంటి జబ్బుల మొదటి దశలో వచ్చే తగ్గుదలను జల్లెడ పట్టడానికి పుట్టిన పరీక్ష అది. మెదడు గడ్డ ఉన్నవాళ్ళలో వచ్చే సన్నని లోపాలు ఆ జల్లెడలోంచి జారిపోతాయి. అన్న అందులో 27 తెచ్చుకుని ఇంటికొచ్చి కరెంటు బిల్లు కట్టలేకపోయాడు. దీనికి తిరగబడిన ప్రమాదమూ ఉంది: తెలుగే తెలిసిన మనిషిని ఇంగ్లీషులో అడిగితే లేని లోపం ఉన్నట్టు కనిపిస్తుంది. ముఖ్యంగా మాటల జ్ఞాపకం, పేర్లు చెప్పడం లాంటివి ఇంట్లో మాట్లాడే భాషలోనే చూడాలి. మన వైపు ఇంట్లో తమిళమో ఉర్దూనో మాట్లాడేవాళ్ళు చాలామంది ఉన్నారు, వాళ్ళకి తెలుగు పరీక్ష కూడా ఇదే ఇబ్బంది.

మూడోది ఎన్నిసార్లు వెళ్ళాలి అన్నది. కొలత ఒకటి రెండు రోజుల పని. సాధన అలా కాదు, వారం వారం నడవాలి. నెదర్లాండ్స్‌లో గ్లయోమా (మెదడు గడ్డల్లో ఒక రకం) ఉన్న 140 మందితో జరిగిన ఒక అధ్యయనం 2009లో అచ్చయింది. వారానికొకసారి చొప్పున శ్రద్ధకి సాధన, రోజువారీ పనులకి ఉపాయాలు నేర్చుకున్నవాళ్ళు, ఆరు నెలల తర్వాత శ్రద్ధలో, మాటల జ్ఞాపకంలో మిగతావాళ్ళ కంటే మెరుగ్గా ఉన్నారు. బుర్ర అలసట కూడా తక్కువగా ఉందన్నారు. అలాంటిది ఎనిమిది గంటల ప్రయాణం పెట్టుకుని ఎవరికీ సాగదు.

డబ్బు సంగతి. ఆరోగ్యశ్రీ అని మనందరికీ అలవాటైన పథకం కింద ఆపరేషన్ అయింది కదా, ఈ పరీక్ష కూడా అదే కార్డు మీద అవుతుందనుకోకండి. ఆసుపత్రిలో చేర్చి చేసే పని వేరు, ఓపీలో కూర్చోబెట్టి చేసే పరీక్ష వేరు. ఆరోగ్యమిత్ర డెస్కు దగ్గర పరీక్ష పేరు చెప్పి ముందే అడగండి.

తిరుపతిలోనే

స్విమ్స్‌లో న్యూరాలజీ, న్యూరోసర్జరీ, రేడియేషన్ మూడూ ఉన్నాయి. టీటీడీ ఆధ్వర్యంలో 1993లో మొదలైన ఆసుపత్రి, మన చుట్టుపక్కల గడ్డ రోగుల్లో చాలామంది ఫైళ్ళు అక్కడే ఉంటాయి. దగ్గర్లోనే రుయా ప్రభుత్వ ఆసుపత్రి, అందులో సైకియాట్రీ విభాగం. టాటా ట్రస్టుల చేయూతతో వచ్చిన స్వీకార్ క్యాన్సర్ ఆసుపత్రి కూడా అలిపిరి వైపే.

ఇక్కడ ఉండే గొప్ప లాభం, ఆపరేషన్ చేసిన డాక్టరూ మిగతావాళ్ళూ ఒకే ఊళ్ళో ఉండటం. మాత్ర మార్చాలంటే ఆటోలో వెళ్ళి అడిగి రావచ్చు. దిగులు, నిద్ర, కోపం వీటికి సైకియాట్రిస్టు చాలు, దానికోసం తిరుపతి దాటక్కర్లేదు. మాట పోయినా, తడబడుతున్నా స్పీచ్ థెరపీకీ, స్నానం, బట్టలు వేసుకోవడం లాంటి పనులకి ఆక్యుపేషనల్ థెరపీకీ ఇక్కడే వెతకండి. ఇవి నెలల తరబడి సాగే పనులు.

కొలత కోసమైతే ఒకటే మాట అడగండి: "గంటల తరబడి చేసే పూర్తి న్యూరోసైకలాజికల్ అసెస్‌మెంట్ తెలుగులో చేసి, రాతపూర్వకంగా రిపోర్టు ఇస్తారా?" అవును అంటే ఇంకెక్కడికీ పోనక్కర్లేదు. "చిన్న టెస్ట్ చేస్తాం" అంటే పై మోకా కథ గుర్తు తెచ్చుకోండి.

ప్రైవేటులో బోర్డు మీద 'సైకాలజిస్ట్', 'బ్రెయిన్ ట్రైనింగ్' అని కనిపిస్తే, ఆర్‌సీఐ రిజిస్ట్రేషన్ నంబరు అడగండి. క్లినికల్ సైకాలజిస్టు అని చెప్పుకోవాలంటే భారత పునరావాస మండలిలో (అదే ఆర్‌సీఐ) నమోదై ఉండాలి. అడిగితే కోప్పడేవాళ్ళ దగ్గర కూర్చోకండి. మాకు ఒకాయన ఫోన్లో ఆడే పజిల్ ఆటల ప్యాకేజీ అంటగట్టబోయాడు. ఆ ఆటలు ఎన్ని ఆడితే ఆ ఆటల్లో అంత బాగా ఆడతారు, తూకం చీటీల లెక్కలో కాదు.

రాయవేలూరు

చిత్తూరు నుంచి 35 కిలోమీటర్లు. బంగారుపాళెం వైపు వాళ్ళకి తిరుపతి కంటే ఇదే దగ్గర. తిరుపతి నుంచైతే వంద కిలోమీటర్లు పైనే, పాకాల, చిత్తూరు మీదుగా కాట్పాడి దాకా రైలు. అక్కడి సీఎంసీ (క్రిస్టియన్ మెడికల్ కాలేజీ) ఆసుపత్రిలో తెలుగు వినపడని ఓపీ ఉండదు, అంతమంది మనవాళ్ళు వస్తారు. అయినా కౌంటర్లో తెలుగు మాట్లాడటం వేరు, పరీక్ష తెలుగులో పెట్టడం వేరు. అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడే తెలుగులో కావాలని చెప్పండి.

సీఎంసీ బలం పునరావాసంలో ఉంది. బాగాయంలో మానసిక ఆరోగ్య కేంద్రం, పునరావాస కేంద్రం రెండూ ఉన్నాయి. మెదడు దెబ్బతిన్నవాళ్ళని మళ్ళీ ఇంటి పనులకి, సంపాదనకి అలవాటు చేయడంలో వాళ్ళకి దశాబ్దాల అనుభవం. ఒక జాగ్రత్త: ఆసుపత్రికి ఒకటి కంటే ఎక్కువ ప్రాంగణాలున్నాయి, ఊళ్ళో పాత ఆసుపత్రి, బాగాయం, హైవే మీద రాణిపేట. ఒకదానికి ఇంకొకటి దూరం. అపాయింట్‌మెంట్ కాగితం మీద ఏ ప్రాంగణమో చూసుకుని బస్సెక్కండి. అలసట జబ్బు ఉన్న మనిషిని ఆటోల్లో తిప్పి, ఆ తర్వాత పరీక్షకి కూర్చోబెడితే మార్కులు ఏం వస్తాయి?

బెంగుళూరు నిమ్హాన్స్

కొలత మాత్రమే కావాలంటే, అదీ గట్టి కొలత కావాలంటే, నా ఓటు మెదడు, మనసు జబ్బులు చూసే ఈ ఆసుపత్రికే. నిమ్హాన్స్ న్యూరోసైకాలజీ బ్యాటరీ అని పిలిచే పరీక్షల సమాహారం 2004లో అక్కడే తయారైంది. మన దేశపు మనుషుల వయసు, చదువు, ఆడా మగా అన్న తేడాలను బట్టి ప్రమాణాలు కట్టారు, బడి మొహం చూడనివాళ్ళకి కూడా. అమెరికా పట్టికతో మన రైతుని పోల్చడం అక్కడ ఉండదు. ప్రభుత్వ సంస్థ కాబట్టి ఖర్చు ప్రైవేటు కంటే చాలా తక్కువ.

నష్టం దూరం, రద్దీ. చిత్తూరు నుంచి పలమనేరు, ముళబాగిలు, కోలారు మీదుగా 180 కిలోమీటర్లు, తిరుపతి నుంచి 250. వెళ్ళిన రోజే పరీక్ష అవుతుందని ఆశ పెట్టుకోకుండా, ఉండటానికి చోటు చూసుకుని వెళ్ళాలి. రాత్రి బస్సులో వెళ్ళి పొద్దున పరీక్ష రాయించకండి, ఒక రోజు ముందు చేరండి.

చెన్నై

ప్రైవేటు ఆసుపత్రులు చాలా ఉన్నాయి, ఖర్చు దానికి తగ్గట్టే. అడయార్ క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్‌లో సైకో ఆంకాలజీ విభాగం ఉంది, అది మనసుకి, కుటుంబానికి సంబంధించిన సాయం. వైద్యం అక్కడే జరుగుతుంటే వాడుకోండి. కేవలం దీనికోసం తిరుపతి నుంచి చెన్నై వెళ్ళమని నేను చెప్పను.

ఫోనులో, ఇంట్లో

14416 టెలీ మానస్ నంబరు. 2022 అక్టోబరులో మొదలైంది, ఉచితం, ఏ వేళకైనా తెలుగులో మాట్లాడవచ్చు. ఇది గడ్డ రోగికంటే వదినలాంటి వాళ్ళకి ఎక్కువ పనికొస్తుంది. రాత్రి పదకొండింటికి ఎవరితోనూ చెప్పుకోలేని మాట చెప్పుకోవచ్చు. కొలత ఇక్కడ జరగదు. సాధన మాత్రం, ఒకసారి ఎదురుగా కూర్చుని రిపోర్టు తీసుకున్నాక, వీడియో కాల్ మీద కొనసాగించవచ్చు. ఆ ఏర్పాటు ఉందా అని రిపోర్టు తీసుకునే రోజే అడగండి.

| | పూర్తి కొలత | వారం వారం సాధన | దిగులు, కోపం, ఇంటివాళ్ళకి సాయం | తెలుగు | ప్రయాణం |
|---|---|---|---|---|---|
| తిరుపతి | ముందే అడిగి తేల్చుకోవాలి | అన్నిటికంటే సులువు | బాగా వీలు | సమస్య లేదు | తిరుపతి వాళ్ళకి లేదు |
| రాయవేలూరు | వీలు | చిత్తూరు వాళ్ళకి వీలు | వీలు | అడిగి తీసుకోవాలి | చిత్తూరు నుంచి 35, తిరుపతి నుంచి వంద దాటి |
| బెంగుళూరు నిమ్హాన్స్ | అన్నిటికంటే గట్టిది | కష్టం | ఉంది, కానీ దూరం | అడిగి తీసుకోవాలి | 180 నుంచి 250 |
| చెన్నై | ప్రైవేటులో, ఖర్చుతో | కష్టం | అడయార్‌లో ఉంది | అడిగి తీసుకోవాలి | తిరుపతి నుంచి సుమారు 140 |
| ఫోను, వీడియో | కాదు | రిపోర్టు ఉంటే కొంత | బాగా వీలు | ఉంది | లేదు |

(దూరాలు కిలోమీటర్లలో, రోడ్డు మీద ఉజ్జాయింపుగా.)

ఎవరికి ఏది

ఆపరేషన్ ఇంకా కాలేదా? అయితే చాలా మంచి సమయంలో చదువుతున్నారు. ఆపరేషన్‌కి ముందే ఒకసారి కొలిపించండి. తర్వాత ఏం తగ్గిందో, ముందే ఏం తగ్గి ఉందో తెలిసేది అప్పుడే. ముఖ్యంగా గడ్డ మాట పుట్టే చోటికి దగ్గరగా ఉండి, మెలకువగా ఉంచి ఆపరేషన్ చేద్దామని సర్జన్ అంటే, ఈ పరీక్ష ఆ ఆపరేషన్‌లో భాగమే. అప్పుడు ఆపరేషన్ ఎక్కడో కొలత కూడా అక్కడే.

ఉద్యోగానికి తిరిగి వెళ్ళాల్సినవాళ్ళకి, టీచరు, బ్యాంకు ఉద్యోగి, మా అన్నలాంటి లెక్కల మనిషి, గట్టి రిపోర్టు అవసరం. దూరమైనా ఒకసారి బెంగుళూరో రాయవేలూరో వెళ్ళి తెచ్చుకోండి, సాధన ఊళ్ళో చేసుకోండి. ప్రభుత్వోద్యోగులకి ఇంకో మాట: 2016 వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం ఉద్యోగంలో ఉండగా వైకల్యం వస్తే తీసేయకూడదు, హోదా తగ్గించకూడదు. ఆ పనికి సరిపోకపోతే అదే జీతంతో వేరే పనికి మార్చాలి. వైకల్య ధృవీకరణ వేరే దారి, దానికి మెడికల్ బోర్డు ముందుకు వెళ్ళాలి. అక్కడికి ఈ రిపోర్టు చేతిలో ఉండి వెళ్తే మాట బలంగా ఉంటుంది. డ్రైవర్లయితే, ఫిట్స్ వచ్చి ఉంటే, న్యూరాలజిస్టు ఒప్పుకునేదాకా స్టీరింగ్ ముట్టకూడదు. ఇందులో మొహమాటాలకి తావు లేదు.

చిన్నపిల్లలకి లెక్క వేరు. తలకి రేడియేషన్ అయిన పిల్లల్లో లోపం వెంటనే కనపడదు. తోటివాళ్ళు ముందుకు పోతుంటే వీళ్ళు నెమ్మదిగా వెనకబడతారు. అందుకని ఒక్కసారి కాదు, ఏడాదికోసారి చూపించాలి. పిల్లలతో పని చేసే సైకాలజిస్టునే అడగండి. రిపోర్టు బడికి ఇచ్చి, పరీక్షల్లో ఎక్కువ సమయం ఇమ్మని అడగవచ్చు. మందబుద్ధి అని మాస్టారు అనేసే లోపే ఇది జరగాలి.

గడ్డ ముదిరిన రకమై, మనిషికి మిగిలిన కాలం తక్కువని డాక్టర్లు చెప్పేసిన ఇంట్లో మూడు గంటల పరీక్ష దేనికి? అక్కడ కావలసింది రాత్రి నిద్ర, నొప్పి లేకపోవడం, మాట అర్థమవుతున్నప్పుడే చెప్పుకోవలసినవి చెప్పుకోవడం. తిరుపతి దాటకండి.

ముందు భాగంలో గడ్డ ఉన్నవాళ్ళు కొందరు ఏమీ పట్టనట్టు కూర్చుంటారు. స్నానం చెయ్యమంటే చేస్తారు, చెప్పకపోతే మంచం దిగరు. ఇంట్లోవాళ్ళు దీన్ని బద్ధకమనో, దిగులనో అనుకుంటారు. దిగులున్న మనిషికి బాధ ఉంటుంది, వీళ్ళకి బాధే తెలియదు. ఈ తేడా తేల్చడానికి కొలత పనికొస్తుంది, ఎందుకంటే రెండింటికీ మందు ఒకటి కాదు.

వెళ్ళే రోజు

డిశ్చార్జి సమ్మరీ, ఎమ్మారై సీడీ, మాత్రల చీటీ, కళ్ళద్దాలు, చెవి మిషన్. అద్దాలు మర్చిపోయి వెళ్తే సగం పరీక్ష వృథా. పొద్దునపూట టైము అడగండి, టిఫిన్ తిని వెళ్ళండి. ఇంట్లో చూసిన మార్పులు తేదీలతో రెండు పేజీలు రాసుకెళ్ళండి. "మతిమరుపు" అని రాయకుండా "మంగళవారం గ్యాస్ స్టవ్ ఆపకుండా వచ్చేశాడు" అని రాయండి. ఆ మనిషి ముందు చెప్పలేనివి ఉంటే విడిగా ఐదు నిమిషాలు అడగండి, ఇస్తారు.

రిపోర్టు చేతికొచ్చాక, పేజీలు తిప్పి చూపించి "అయితే ఇంట్లో మేమేం చెయ్యాలి?" అని అడగకుండా లేవకండి. అన్న రిపోర్టులో జ్ఞాపకం దాదాపు బాగానే ఉంది. తగ్గింది వేగం, ఒకేసారి రెండు పనులు పట్టుకునే శక్తి. మేము ఏడు నెలలు అతనికి జ్ఞాపకశక్తి కోసం బాదంపప్పు తినిపించాం.

ఇప్పుడు పొద్దున తొమ్మిది నుంచి పన్నెండు దాకా లెక్కలు, ఆ టైములో ఫోను వదిన దగ్గర. ఏ పని సగంలో ఆపినా ఎక్కడ ఆపాడో పాత లెడ్జర్ ఒకదాంట్లో ఒక లైను రాయాలి, ఆ లెడ్జర్ టేబుల్ మీద ఒకే చోట ఉండాలి. మాత్రలకి ఫోన్లో అలారం. ఫ్యాక్టరీ వాళ్ళు గేటు దగ్గర తూకం పని ఇంకొకరికిచ్చి, లోపల బిల్లులు సరిచూసే పని ఇతనికిచ్చారు. మళ్ళీ కొలత ఏడాదికి రమ్మన్నారు. అంతకంటే ముందే చేస్తే అవే ప్రశ్నలు అలవాటై మార్కులు ఊరికే పెరుగుతాయట. ఆ తేదీ లెడ్జర్ మొదటి పేజీలో అన్నే రాసుకున్నాడు.